డాట్లు వేసిన తెరచాప

"ఫంక్షన్ ఎన్నడు మేడమ్?"

మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు వేణుమాధవ్. బయట జూలై వాన దంచి కొడుతోంది. తిరుమలగిరి సందులో ఉన్న బిక్షం టెంట్ వర్క్స్‌లోకి ఎవరొచ్చినా ముందు అడిగే మాట అదే కాబట్టి, అలవాటుగా అడిగేశాడు.

"ఫంక్షన్ లేదు," అంది వచ్చినమ్మాయి.

"కిరాయికైతే పక్క షాపు. మేం కుట్టుడు వరకే."

"కుట్టించుకుందామనే వచ్చిన. షామియానా కాదు, తెరచాప."

అప్పుడు ఎత్తాడు తల. పసుపు రెయిన్‌కోటు, భుజం మీద తడిసిన తెల్ల గుడ్డ మూట, ముక్కు చివర వేలాడుతున్న వాన చుక్క. ఆ చుక్క ఎప్పుడు పడుతుందా అని చూస్తూ మన వేణు మిషను తొక్కడం మానేశాడు. అది పడింది. అతను చూస్తూనే ఉన్నాడు.

"ఏ స్కూల్ డ్రామాకు?" అన్నాడు చివరికి, ఏదో ఒకటి అనాలి కనుక.

"సముద్రానికి."

గోడకి ఆనుకుని కూర్చున్న బిక్షం కళ్ళజోడు సవరించుకున్నాడు. వేణు తండ్రి. నలభై ఏళ్ళు కంటోన్మెంటుకి టెంట్లు కుట్టిన చేతులు. "సముద్రం ఏడున్నది బిడ్డా ఈడ?"

"మంగళూరుల ఉన్నది కాకా. పడవ మటుకు మౌలాలిల ఉన్నది."

తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల మాత్రం మూట విప్పి, చిరుగుల తెరచాపను షాపు నేల మీద పరుస్తూనే ఉంది. షాపు అయిపోయింది, తెరచాప అయిపోలేదు. మిగతాది మెట్ల మీద వానలోకి వేలాడింది.

ఆమె పేరు ఊర్మిళ. ఒక ప్రైవేటు కంపెనీలో భూముల సర్వే చేస్తుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌లో పడవ నడపడం నేర్చుకుంది. "ఎటు పోయినా తిరిగి తిరిగి మళ్ళ బుద్ధుని బొమ్మ కాడికే వస్తున్న. విసుగొచ్చింది. తిరిగి రానవసరం లేని నీళ్ళు కావాలె," అంది. అందుకే ఎక్కడో వదిలేసిన ఇరవై రెండడుగుల పాత పడవ తక్కువలో కొనుక్కుంది. ఆఫీసులో ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టింది. అక్టోబరు నడుమ మొదలు. మంగళూరు నుంచి కొచ్చి, అక్కడి నుంచి కన్యాకుమారి, కుదిరితే ఇంకా అవతలికి. ఒంటరిగా.

"తెరచాపలు కుట్టేటోళ్ళు ముంబైల ఉన్నరు. వాళ్ళు చెప్పిన రేటుకు ఇంకో పడవ వస్తది," అంది. "కొత్త గుడ్డ తాను మిగులు కింద దొరికింది. ఈ పాతది చూసి అచ్చం ఇట్లనే కుట్టాలె. కుడతరా మాస్టర్?"

వేణు పుట్టి ముప్పై ఏళ్ళు. సముద్రం ఒక్కసారి కూడా చూడలేదు. అయినా కుడతానన్నాడు. వాన చుక్క పని అదంతా.

* * *

కొలతలకని ఆదివారం మౌలాలి వెళ్ళాడు. రైల్వే కాలనీ వెనక, గుట్ట కనబడే ఖాళీ జాగాలో, ట్రైలర్ మీద, కొత్తిమీర మడి పక్కన పడవ. దాని కింద కోళ్ళు నీడకి నిలబడి ఉన్నాయి.

"ఎక్కు బాబూ, భయపడకు," అని చెయ్యందించాడు ఊర్మిళ తండ్రి. పేరు బ్రహ్మచారి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు. కూతురు పడవ తెచ్చిన రోజు రెండు గంటలు పోట్లాడాడట. మూడో గంటకి ఉలి పట్టుకుని పడవలో దూరాడట. అప్పటి నుంచి బయటికి రావడం లేదని భార్య ఫిర్యాదు.

లోపలికి వంగి దిగాడు వేణు. దిగి నోరు తెరిచాడు.

అది పడవ కాదు, ఒక సంసారం. రెండు పక్కలా రెండు బెర్తులు. వాటి కింద తాళ్ళతో బిగించిన ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు. పాత కిరోసిన్ స్టవ్వును రెండు సీలింగు ఫ్యాను బేరింగుల మధ్య వేలాడదీశారు. బ్రహ్మచారి పడవని భుజంతో ఒక్క తోపు తోశాడు. పడవ ఊగింది. స్టవ్వు మీద గిన్నె మాత్రం నిటారుగా నిలబడి ఉంది, అందులో నీళ్ళు అంచు దాటలేదు.

"గిది ఎవరి ఐడియా?"

"నాయ్నదే. సముద్రంల సుత చాయ్ ఒలకొద్దంట," అంది ఊర్మిళ.

వేణు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాడు. రాణీగంజ్‌లో తూకానికి కొన్న గిలకలు, తాళ్ళు. వేపాకు వేసి మూత బిగించిన బియ్యం సీసాలు. అరచేతి మందాన సోలార్ పలక. గాలివానలో పడవ ముక్కు గాలికి ఎదురుగా నిలబెట్టడానికి నీళ్ళలోకి వదిలే పాత పారాచూట్ గుడ్డ. కొనగలిగినవి తక్కువ, చేతులతో చేసుకున్నవి ఎక్కువ. ఇంత చిన్న చోట ఆరు నెలల బతుకు పడుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. తమ ఇంట్లో నాలుగు గదులున్నా చెప్పులు పెట్టుకోవడానికి జాగా లేదు.

బెర్త్ మీద కూర్చుని, "సైడ్ లోయర్ లెక్కున్నది," అన్నాడు.

"సైడ్ లోయరే. వర్క్‌షాపుల తీసేసిన ఫోమ్," అన్నాడు బ్రహ్మచారి గర్వంగా.

ఊర్మిళ పుస్తకం తీసింది. "తెరచాప ఒకటి. దానికి కవరు. ఇంకా, పడవ వాలితే పండుకున్న మనిషి కింద పడకుండ బెర్త్ అంచుకు కట్టే ఆపుగుడ్డ. అదొకటి."

"ఒక్కటేనా? బెర్తులు రెండున్నయి గద?"

"రెండోది బియ్యం సీసాలకు."

ఎందుకో వేణుకి ఆ సీసాల మీద అప్పుడే కోపమొచ్చింది.

తర్వాత ఆమె సముద్రం పటం పరిచింది. వేణు చూసిన పటాలన్నిటిలో నేల నిండా ఊళ్ళ పేర్లుంటాయి, సముద్రం ఖాళీగా నీలంగా ఉంటుంది. ఇది తారుమారుగా ఉంది. నీళ్ళ నిండా అంకెలే, లోతులట. ఒడ్డు దాటి లోపలికి వస్తే నేలంతా ఖాళీ.

"సికింద్రాబాద్ ఏది?"

"లేదు. ఈ మ్యాపుల మనం లేము," అంది ఊర్మిళ.

అతను పటంలోని ఖాళీ నేల మీద వేలితో తడిమాడు. తాను పుట్టిన వీధి, షాపు, చౌరస్తా, పరేడ్ గ్రౌండ్, ఏవీ లెక్కలో లేనంత పెద్దది ఒకటి ఉంది. ఈ అమ్మాయి దాని మీదికి చాయ్ గిన్నె, వేపాకు పట్టుకుని పోతోంది. భయమేసింది. దాంతోపాటు దండం పెట్టాలనిపించింది.

* * *

ఆగస్టు అంతా మౌలాలి బస్సే. తెరచాపని నిలిపే మాస్టు ఎత్తు ఏడుసార్లు కొలిచాడు. మాస్టు పెరగలేదు.

"మళ్ళొచ్చినరా మాస్టర్? ఈసారి ఏం మరిచిపోయిన్రు?"

"బూమ్ పొడుగు. గదే, కింది అడ్డకర్ర."

"మొన్న రాస్కున్నరు గద?"

"కాయితం తడిసింది."

"మొన్న వాన పడలే."

"చెమటకు," అన్నాడు వేణు. ఊర్మిళ నవ్వు ఆపుకోవడానికి పడవలోకి దిగిపోయింది. కింద నుంచి నవ్వు వినబడుతూనే ఉంది.

ఒక సాయంత్రం పడవ అంచున కూర్చుని ఇద్దరూ చాయ్ తాగుతుంటే, వేణు మాట జారాడు. "నా సూది విరిగితే ఈ ఏడు మీరు పోరేమో."

"అంత ధైర్యముందా మీకు?" అంది ఆమె కళ్ళతోనే నవ్వుతూ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తర్వాత ఎంత ఖరీదైందో చెబుతాను.

సెప్టెంబరులో కత్తెర పట్టాడు వేణు. పాత తెరచాప కుట్లు విప్పి పట్టీలు పక్కపక్కన పరిచాడు. ఏ పట్టీ అంచూ తిన్నగా లేదు. ప్రతిదీ రెండు కొసల దగ్గర కొంచెం లోపలికి వంపు తిరిగి ఉంది.

"గుడ్డ సాగిపోయింది బాపూ. లేకుంటే ముందుగాల కుట్టినోనికి చెయ్యి తిరగలే," అన్నాడు.

బిక్షం వంగి చూసి తలూపాడు. "గుడ్డకు కడుపు రావొద్దు బిడ్డా. కడుపొస్తే నీళ్ళు నిలుస్తయి, నీళ్ళు నిలిస్తే టెంటు కూలుతది. తిన్నగ కొయ్యి."

అదిగో, అక్కడే ఇద్దరూ కలిసి పప్పులో కాలేశారు. నలభై ఏళ్ళ అనుభవం, ప్రేమలో పడ్డ కొడుకు శ్రద్ధ, రెండూ చేరి ప్రతి అంచునీ స్కేలు పెట్టి కోశాయి. మూడు వరసల కుట్టు. ఎక్కడా ముడత లేదు. పరిచి చూస్తే అద్దంలా ఉంది. ఇంత బాగా జన్మలో ఏదీ కుట్టలేదనుకున్నాడు వేణు. ఆపుగుడ్డ కూడా కుట్టాడు, ఒక్కటి.

* * *

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున మౌలాలిలో తెరచాప ఎక్కించారు. వచ్చే ఆదివారం లారీ వస్తుంది. మిషన్లు దింపి మంగళూరుకి ఖాళీగా తిరిగిపోయే లారీ, తెలిసినవాళ్ళది. అది తప్పితే పడవని తీసుకుపోయే తాహతు వాళ్ళకి లేదు. సెలవు కూడా ఆ మర్నాటి నుంచే.

గాలి వచ్చింది. తెరచాప పెళపెళలాడింది. ఊర్మిళ తాడు లాగి బిగించింది. మళ్ళీ పెళపెళ. ఇంకో పక్కకి తిప్పింది. రేకు కొట్టుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆమె గుడ్డకి అరచెయ్యి ఆనించి కింద నుంచి పైదాకా చూసింది. మొహం పాలిపోయింది.

"కడుపేది?" అంది.

"తీసేసిన. మస్తు సాఫ్ వచ్చింది గద?" అన్నాడు వేణు, మెచ్చుకుంటుందని.

"తీసేసిన్రా? ఆ వంపు వల్లనే పడవ నడుస్తది. ఇది తెరచాప కాదు, గోడ. అచ్చం పాతదాని లెక్కనే కుట్టుమన్న గద?"

"సాగిపోయిందనుకున్న..."

"అనుకున్నరా?" ఆమె గుడ్డ మీద నుంచి చెయ్యి తీసేసింది. "లేకపోతే సూది విరగలేదు కాబట్టి కత్తెర పట్టిన్రా? నేను పోవద్దనే గద?"

కోళ్ళు కూడా అరవడం మానేశాయి. నవ్వులాటకి అన్న మాట ఇలా ఎదురు తిరిగి చెంప మీద కొడుతుందని ఎవరనుకుంటారు? బ్రహ్మచారి ఏదో అనబోయాడు. ఊర్మిళ అప్పటికే తెరచాప దింపేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

వేణు ఆ గుడ్డని మోసుకుని తిరుమలగిరి వచ్చాడు. బస్సులో సగం సీట్లు దానికే సరిపోయాయి.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడే గానీ తినలేదు. ఎదురుగా చెల్లెలు రజిత ఎవరిదో పెళ్ళి జాకెట్టు కుడుతోంది. అంచు దగ్గర గుడ్డని రెండు వేళ్ళతో నొక్కి, మడిచి, కొస సన్నగా జారేలా ఒక కుట్టు వేసింది. చేతిలో పట్టి లేపింది. అప్పటిదాకా చదునుగా ఉన్న గుడ్డ ఉబ్బి గుండ్రంగా నిలబడింది.

"రజితా, ఇప్పుడేం చేసినవ్?"

"డాట్ వేసిన. ఏందన్నా, ఎన్నడూ చూడనట్టు?"

"అంచుల నొక్కితే నడుమ నిండుతదా?"

"మరి? మనుషులేమన్న పలకలా? చదునుగ కుడితే ఎవ్వలు తొడుగుతరు?"

వేణు కంచం ముందు నుంచి లేచిపోయాడు. పాత పట్టీలు తెచ్చి మళ్ళీ పరిచాడు. ఈసారి వేలితో ఒక్కొక్క అంచూ తడిమాడు. ప్రతి కొస దగ్గరా అదే వంపు, ముందు అంచున ఎక్కువ, వెనక తక్కువ. సాగింది కాదు. ఎవరో ఎక్కడో గాలిని మనిషి ఒంటిలా కొలిచి, దానికి సరిపడా చొక్కా కుట్టారు. తాను ఇన్నాళ్ళూ గాలిని బయట నిలబెట్టే గుడ్డ కుట్టాడు. లోపలికి పిలిచే గుడ్డ కూడా ఉంటుందని తెలియదు.

బట్ట తక్కువ పడదు. కుట్లు విప్పి, పట్టీలని కొసల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కువ ఎక్కించి, లోపలికి పోయేకొద్దీ తగ్గిస్తే చాలు. నాలుగు రోజుల పని.

కానీ మూడు వరసల కుట్టు విప్పే ముందు, కత్తెర చేతిలో పెట్టుకుని ఒక పూటంతా ఊరికే కూర్చున్నాడు. దాచడమెందుకు, మనసు ఒక మాట చెప్పింది. డాటు సంగతి ఎవరికీ తెలియదు. ఊరుకుంటే లారీ ఖాళీగా పోతుంది. ఊర్మిళ ఇక్కడే ఉంటుంది. ఆమె కోపం ఎన్నాళ్ళు? మౌలాలి బస్సు ఎక్కడికీ పోదు.

తర్వాత కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

రజిత పక్కన కూర్చుని గుండుసూదులు గుచ్చింది. బిక్షం మొదటి రోజు సణిగాడు, రెండో రోజు చూశాడు, మూడో రోజు తానే ఇంకో మిషను ఎక్కాడు.

* * *

ఆదివారం పొద్దున లారీ మౌలాలిలో రైల్వే కాలనీ సందు మొదట్లో నిలబడి ఉంది. ముగ్గురూ ఆటోలో తెరచాపతో దిగారు. ఊర్మిళ కళ్ళు వాచి ఉన్నాయి. పోనీ పాతదే అతుకులేసి మాస్టుకి కట్టుకుందామంటే అదీ లేదు, దాన్ని విప్పేసింది ఈ మహానుభావుడే గదా. ఆమె పడవని ప్రయాణానికి తాళ్ళతో బిగించనూ లేదు, లారీకి వద్దని చెప్పనూ లేదు.

"ఒక్కసారి ఎక్కించి చూడు ఊర్మిళా," అన్నాడు వేణు. 'మేడమ్' అన్న పిలుపు ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

ఆమె తాడు లాగింది. తెల్లటి గుడ్డ మెల్లగా పైకి పోయింది. మౌలాలి గుట్ట వైపు నుంచి పొద్దుటి గాలి వచ్చింది.

ఈసారి చప్పుడు కాలేదు. గుడ్డ ఒక్క ఊపిరి పీల్చినట్టు నిండింది. నిండి అలాగే నిలబడింది. పడవ మొత్తం ఒక పక్కకి ఒరిగింది. ట్రైలర్ చక్రాల ముందు పెట్టిన ఇటుకలు కిర్రుమన్నాయి. ఒకటి పగిలింది. కొత్తిమీర మడి పక్కన, సముద్రానికి అంత దూరంలో, ఆ పడవ ఒక జానెడు ముందుకి జరిగింది.

లారీ డ్రైవరు బీడీ ముట్టించడం మరచిపోయాడు. లోపల స్టవ్వు మీద గిన్నె మాత్రం నిటారుగా ఉండి ఉంటుంది.

బిక్షం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నలభై ఏండ్లు గాలితోని కొట్లాడిన," అన్నాడు నెమ్మదిగా. "గిట్ల దోస్తీ చేసుకోవచ్చని తెల్వకపాయె."

ఊర్మిళ తాడు వదిలి, గాలి పోనిచ్చి, దిగి వచ్చింది. వేణు ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు అట్ల అనొద్దుండె నేను."

"నువ్వన్నది ఆ రోజు అబద్ధం. తర్వాత నిజమే," అన్నాడు వేణు. "డాటు సంగతి తెలిసినంక ఒక పూట ఆలోచించిన. ఊకుంటే నువ్వు ఈడనే ఉంటవని."

"మరెందుకు కుట్టినవ్?"

"ఉండిపోతే రోజూ ఈ పడవను చూస్కుంట కూసుంటవ్. నిన్ను గట్ల చూడలేను. నువ్వంటే ఇష్టం నాకు. పోతే తక్లీఫే. కానీ ఈ గుడ్డ నిండంగ చూసిన, చాలు."

ఊర్మిళ కాసేపు అతని మొహంలోకి చూసింది. పడవ ఎక్కి లోపలికి దిగింది. లోపల సీసాలు దొర్లుతున్న చప్పుడు. ఒక్కొక్కటిగా బియ్యం సీసాలు బయటికి వచ్చాయి. బ్రహ్మచారి అందుకుంటూ నిలబడ్డాడు.

"ఇవన్నీ బెర్త్ కింద పెట్టాలె నాయ్న," అంది పైకి తల పెట్టి.

"జాగా చేస్తలే," అన్నాడు బ్రహ్మచారి. తర్వాత బిక్షం వైపు తిరిగాడు. "మంగళూరుల పడవ నీళ్ళలకు దింపి, సరిచూసుకునేసరికి నెల పడతది. నేను పోతున్న తోడు. కార్తీకంల మేం ఈడికి తిరిగొస్తం. లగ్గం మాట అప్పుడు మాట్లాడుకుందామా?"

"అప్పుడెందుకు? ఇప్పుడే మాట్లాడుకుందాం," అన్నాడు బిక్షం. "షాపు నాలుగైదు నెలలు నేనూ బిడ్డా చూస్కుంటం. వీడు ఎట్లాగూ ఆగస్టు నుంచి షాపుల లేడు."

రజిత ఫక్కున నవ్వింది. వేణుకి ఎటు చూడాలో తెలియలేదు. అతను ఎటూ చూడకముందే ఊర్మిళ వచ్చి అతని మెడలోని టేపు లాగేసుకుంది.

"నిటారుగ నిలబడు."

"ఏందీ?"

"రెండో బెర్తుకు ఆపుగుడ్డ కుట్టాలె గద. కొలతలు కావద్దా?"

టెంట్లకని ఊళ్ళో జాగాలన్నీ కొలిచినవాడే గానీ, వేణుని ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. మడమ దగ్గర టేపు కొస తొక్కిపెట్టి, ఊర్మిళ మునివేళ్ళ మీద లేచి తల దగ్గర పట్టుకుంది. చెయ్యి జుట్టుకి తగిలింది.

"ఐదడుగుల ఎనిమిది," అంది. "మళ్ళ ఏడుసార్లు కొలవాల్నా?"

"ఇంకో ఆరుసార్లు," అన్నాడు వేణు. "రెండంగుళాలు ఎక్కువ రాస్కో. బిగుతుగ కుట్టొద్దు."